ఏడు గురువారాల రసీదులు

కిందటి వారం దోనా ఒదీలాను ఎక్కడ వదిలామో గుర్తు లేకపోయినా ఫరవాలేదు. ఆ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న రగడంతా గుర్తు లేకపోవడం గురించే. టూకీగా చెబుతాను. ఒదీలాకు డెబ్బై రెండేళ్ళు, అందుకే పేరు ముందు 'దోనా', అంటే అమ్మగారు. సాంతోస్ రేవులో ఓ క్లియరింగ్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు ఓడ సరుకుల కాగితాలు సరిచూసి రిటైరైంది. నాలుగో కాలువ దగ్గర, ఇసుక నేల కుంగి పక్కకి ఒరిగిన బిల్డింగుల్లో ఒకదానిలో, ఆరో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. పదిహేను రోజులుగా ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆమెకు ఫోన్లు చేస్తున్నారు. ఒకడు జ్ఞాపకశక్తి మాత్రలు అమ్ముతానంటాడు. ఒకామె ఇంట్లోనే ఉండి కనిపెట్టుకునే మనిషిని పంపిస్తానంటుంది. ఒకడు పెద్దవాళ్ళ డైపర్లు డజన్ల లెక్కన ఇస్తానంటాడు. ప్రాయా గ్రాందేలో వృద్ధాశ్రమం వాళ్ళయితే "మీ పరిస్థితిలో ఉన్నవాళ్ళ కోసం" వేరే గదులు కట్టామంటారు. నా పరిస్థితి ఏమిటయ్యా అని అడిగితే మర్యాదగా ఫోన్ పెట్టేస్తారు.

ఈ తలనొప్పి సంగతేమిటో తేల్చమని ఆమె శుక్రవారం నాలుగింటికి కూతురు గ్రాజియేలానూ అల్లుడు ఎవెరాల్దోనూ పిలిపించింది. పన్ను రిటర్న్ గడువు కూడా ఆ వారాంతానికే ముగుస్తుంది కాబట్టి అల్లుడు ల్యాప్‌టాప్‌తో సహా దిగాడు. దాన్ని తెరిచి, గొంతు సవరించుకుని, "అత్తగారూ, మీరే చెప్పండి. డాక్టర్ బెవిలాక్వా ఎవరు?" అన్నాడు. అక్కడ ఆగాం.

"ఎవరు?" అంది ఒదీలా.

"నేనడుగుతున్నదీ అదే."

"నాకేం తెలుసు నాయనా. ఫుట్‌బాల్ ఆడతాడా?"

ఎవెరాల్దో నవ్వలేదు. అతను షాపింగ్ మాల్‌లో ఫోన్లు అమ్ముతాడు. మనిషి చెడ్డవాడేం కాదు. అత్తగారి ఇంట్లో బల్బు మాడిపోతే తనే వచ్చి మారుస్తాడు. కాకపోతే ఎదురుగా ఉన్న మనిషి మాట కన్నా తెర మీద కనిపించే అక్షరాన్ని ఎక్కువ నమ్ముతాడు. ఇప్పుడు ఆ తెరను ఆమె వైపు తిప్పాడు.

ఏడు వరుసలున్నాయి. కిందటేడు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఏడు తేదీలు. ఒక్కో తేదీ పక్కన డాక్టర్ బెవిలాక్వా పేరు, దాని పక్కన 'మెదడు, జ్ఞాపకశక్తి వైద్యం' అని, ఆ పక్కన ఫీజు కట్టినవాళ్ళ పన్ను నంబరు. ఒదీలా కళ్ళజోడు సవరించుకుని వేలుపెట్టి చదివింది. పదకొండు అంకెలూ తనవే. ఒక్కటి కూడా తేడా లేదు.

"ఇప్పుడు డాక్టర్లు రసీదు కొట్టగానే అది నేరుగా పన్నుల వాళ్ళకు పోతుందత్తగారూ. రిటర్న్ తెరిచేసరికి అన్నీ వాళ్ళే నింపి పెట్టి ఉంచుతారు. మనం దాచినా దాగదు."

"నేనేం దాచాను?"

"అమ్మా," అంది గ్రాజియేలా. వచ్చినప్పటి నుంచి సోఫా అంచున కూర్చునే ఉంది, భుజానికున్న సంచి కూడా తీయలేదు. "ఏడూ గురువారాలే. నేను క్యాలెండర్‌లో చూశాను. ఒక్కదానివే వెళ్ళావా ఏడుసార్లూ?"

"వెళ్ళలేదు."

"వెళ్ళి మర్చిపోయి ఉంటావు."

"మతిమరుపు డాక్టరు దగ్గరికి వెళ్ళిన సంగతే మర్చిపోయానంటావా?"

"మర్చిపోయేవాళ్ళే కదమ్మా అక్కడికి వెళ్ళేది."

వెళ్ళానంటే జబ్బు ఉన్నట్టు. వెళ్ళలేదంటే జబ్బు ముదిరినట్టు. రేవులో ముప్పై ఒక్క ఏళ్ళు కాగితాల మీద ఎవరెవరు ఏం దాచారో పట్టుకున్న మనిషి, సొంత ఇంట్లో సొంత నంబరు ముందు దొరికిపోయింది.

వంటింటి పక్క సందులో జందీరా ఇస్త్రీ చేస్తోంది. ఇరవై రెండేళ్ళుగా మంగళ, శుక్రవారాలు ఆ ఇంటికి పనికొచ్చే మనిషి. రేవుకి అవతలి ఒడ్డున విసెంతి ది కర్వాల్యోలో ఉంటుంది. పొద్దున్నే చిన్న పడవలో ఇటు దాటి, సంత దగ్గర దిగి నడిచి వస్తుంది. ఇంకో రెండిళ్ళలో కూడా చేస్తుంది. ముందుగది మాటలు ఆమెకు వినిపిస్తూనే ఉన్నాయి. ఆ ఫ్లాట్‌లో వినిపించని చోటంటూ లేదు.

ఒదీలా లేచి, అల్మరా సొరుగులోంచి కిందటేడు క్యాలెండర్ తీసుకొచ్చింది. బేకరీ వాళ్ళు ఇచ్చింది. ఆమె దాన్ని పారెయ్యదు, ఏదీ పారెయ్యదు. రసీదుల్లో ఉన్న గురువారాలన్నీ చూసుకుంటూ పోయింది. ఒకటి ఖాళీ. ఇంకోటి ఖాళీ. ఒకదాని మీద 'మార్లీ పుట్టినరోజు' అని ఉంది. అక్టోబరు పదిహేడున తన చేతిరాతే, నీలం సిరాతో, 'మూడింటికి డాక్టరు' అని ఉంది.

ఏ డాక్టరు?

పళ్ళ డాక్టరా? కళ్ళ డాక్టరా? ఆ మధ్యాహ్నం ఎలా ఉందో తలుచుకోబోయింది. వాన పడిందా? ఏ చీటీ పట్టుకెళ్ళింది? ఏ కుర్చీలో కూర్చుంది? ఏమీ తోచలేదు. ఏడు నెలల కిందటి గురువారం మధ్యాహ్నం మీకూ నాకూ మాత్రం గుర్తుంటుందా? కానీ మనల్నెవరూ అడగరు. అడిగినప్పుడు గుర్తుకు రాకపోతే ఎంత భయమేస్తుందో దోనా ఒదీలాకు ఆ నిమిషంలో తెలిసింది. క్యాలెండర్‌ను మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

గ్రాజియేలా అది చూడనే చూసింది. చూసి, ఏడుపు దిగమింగుకుంటూ, తల్లి చేసిన తప్పుల జాబితా మొదలుపెట్టింది. ఫిబ్రవరిలో కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతికి చివరికి బియ్యం డబ్బాలోంచి తీశారు. ఈస్టర్ ముందు తాళంచెవి తలుపుకే బయటివైపు వేలాడుతూ రాత్రంతా ఉండిపోయింది. మనవరాలిని రెండుసార్లు చెల్లెలి పేరుతో పిలిచింది.

"మనవరాలికి మా చెల్లెలి ముక్కే వచ్చింది, అందుకు పిలిచాను. మిగతావి..." అని ఒదీలా ఆగింది. మిగతావి ఎలా జరిగాయో నిజంగానే ఆమెకు తెలియదు. అందుకే కోపం ఎక్కువైంది. కోపం వచ్చాక బుర్ర కొంచెం పనిచేసింది.

"సరే. నా రసీదులు నీ పెట్టెలోకి ఎలా వచ్చాయి ఎవెరాల్దో?"

"మీ పాస్‌వర్డ్‌తో. కిందటేడు మీరే ఇచ్చారు కదా, ఫోన్లో."

ఇచ్చింది. అది గుర్తుంది. ప్రెషర్ కుక్కర్లో చిక్కుడుగింజలు ఉడుకుతుంటే, దాని మోతకి వినపడక, పాస్‌వర్డ్ రెండుసార్లు అరిచి మరీ చెప్పింది. సర్కారు వారి ఆ ఒక్క పాస్‌వర్డ్‌తో పన్నులే కాదు, పింఛను, టీకాలు, ఓటు, ఏయే బ్యాంకుల్లో ఖాతాలున్నాయో అన్నీ తెరుచుకుంటాయి. ఈ దేశంలో ఇంటి తాళాలు పక్కింటివాళ్ళకి ఇవ్వని వాళ్ళు కూడా ఆ పాస్‌వర్డ్‌ను అల్లుడికో మేనల్లుడికో ఇచ్చేసి హాయిగా నిద్రపోతారు.

"నీకిచ్చాను. డైపర్లు అమ్మేవాడికి ఎవరిచ్చారు?"

ఎవెరాల్దో చెవి గోక్కున్నాడు. "నేను కోంత మాన్సాలో వేస్తున్నాను. పన్ను రిటర్న్ వేసే యాప్. చాలా తేలిక. పాస్‌వర్డ్ ఇస్తే మొత్తం అదే లాక్కుని నింపేసుకుంటుంది. పైగా ఉచితం."

"ఉచితమా? అందులో పనిచేసేవాళ్ళకి జీతాలెవరిస్తున్నారు?"

"ఏమో."

"ఏమో అంటే? ఎవడో ఒకడు ఇస్తున్నాడుగా. ఏదీ, నువ్వు ఒప్పుకున్న కాగితం చదువు. పైకి చదువు. కాగితం చదవకుండా మా ఆఫీసులో పెసరగింజ కూడా ఓడ దిగేది కాదు."

అతను వెతికాడు. వెతకడానికే చాలాసేపు పట్టింది. దొరికాక, స్కూలు పిల్లాడిలా నిలబడి చదివాడు. వినియోగదారుడికి మేలైన సేవలు అందించడం కోసం ఆదాయం, కుటుంబం, వైద్య ఖర్చుల వివరాలను మా భాగస్వాములతో పంచుకోవడానికి అంగీకరిస్తున్నాను.

"ఎంతమంది భాగస్వాములు?"

అతను వేలితో కిందికి జరుపుకుంటూ పోయాడు. ఇంకా పోయాడు. "రెండొందల పద్నాలుగు," అన్నాడు చిన్నగా. "అందరూ ఒప్పుకుంటానని నొక్కేస్తారత్తగారూ. ఎవరూ చదవరు. నొక్కకపోతే ముందుకు పోనివ్వదు."

"వృద్ధాశ్రమం వాళ్ళు గ్రాజియేలాకు కూడా ఫోన్ చేశారట. దాని నంబరు?"

"అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి అని యాప్ అడిగింది. అంచేత..."

"అంచేత నువ్వు చెప్పావు." ఒదీలా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "నాకు మతిపోతోందని ముందు మాత్రలు అమ్మేవాడికి తెలిసింది. తర్వాత ఆశ్రమం వాళ్ళకి. వాళ్ళ నుంచి నా కూతురికి. అందరికీ తెలిశాక చివరికి నాకు. నా జబ్బు నాకే ఆఖరికి అందిందన్నమాట."

ఎవెరాల్దో తల దించుకున్నాడు. గెలిచాననుకుంది ఒదీలా. అర నిమిషం అనుకుంది.

"అమ్మా, వాళ్ళకి ఎవరు చెప్పారన్నది తర్వాత," అంది గ్రాజియేలా. "సూపర్ మార్కెట్ క్యూలో నిలబడి ఉంటే ఎవరో ముక్కూ మొహం తెలియనామె ఫోన్ చేసి, మీ అమ్మగారి జ్ఞాపకశక్తి గురించి మాట్లాడాలండీ అంది. సరుకులు అక్కడే వదిలేసి బయటికొచ్చేశాను. ఎవరు చెప్పినా సరే, చెప్పింది నిజమా కాదా? నాకు అదొక్కటే కావాలి."

ఆ మాట తిన్నగా వచ్చి తగిలింది. ఎందుకంటే ఒదీలాకు కావలసిందీ అదే, ఆమె దగ్గర లేనిదీ అదే.

సంచిలోంచి గ్రాజియేలా ఒక కవరు తీసింది. సోమవారం పదింటికి నోటరీ ఆఫీసులో సమయం తీసుకున్నారు. పింఛను, బ్యాంకు, ఈ ఫ్లాట్ వ్యవహారాలన్నీ తల్లి తరఫున కూతురు చూసుకునేటట్టు అధికారపత్రం. "తెలివి బాగా ఉన్నప్పుడే సంతకం పెట్టాలటమ్మా. ఇంకా ముదిరాక పెడితే చెల్లదట. అప్పుడు కోర్టుకెక్కాలి, జడ్జి ముందు నిన్ను కూర్చోబెట్టి ఇవాళ ఏ వారం అని అడుగుతారట. నిన్ను అలా చూడలేను నేను."

ఆ అమ్మాయి నటించడం లేదు. అదే ఒదీలాకు మరీ కష్టంగా ఉంది. ఆస్తి మీద కన్నేసిన కూతురైతే గుమ్మం చూపించేది. భయంతో ముక్కు ఎర్రబడి కూర్చున్న కూతురిని ఏమంటుంది? సంతకం పెడితే రేపటి నుంచి తన బ్యాంకు కాగితం తను అడిగి చూడాలి. తలుపు ఎప్పుడు తీయాలో, ఈ గోడల మధ్య ఉండాలో ప్రాయా గ్రాందే గదిలో ఉండాలో ఇంకొకరు చెబుతారు. ప్రేమగానే చెబుతారు. పెట్టకపోతే, నిజంగానే జబ్బు ఉంటే? ఆ నీలం సిరా 'డాక్టరు' ఎవరు?

"ఐదు కావస్తోంది," అంది చివరికి. "కిందికెళ్ళి రొట్టె తీసుకురండి, ఇద్దరూ వెళ్ళండి. ఆకలి మీద నేను సంతకాల గురించి మాట్లాడను."

లిఫ్టు కిందికి పోయిన చప్పుడు వినగానే ఫోన్ అందుకుంది. డాక్టరు క్లినిక్ నంబరు తెర మీద రసీదులోనే ఉంది.

"నేను మీ పేషెంట్‌నా?" అని అడిగింది, అవతల ఎవరో ఎత్తగానే.

ఎత్తింది సెక్రెటరీ. పాపం, అక్కడికి ఇలాంటి ఫోన్లు కొత్త కాదేమో. "మీ పేరు చెప్పండమ్మా."

"ఒదీలా ఫొంతనారి."

టైపు చేసిన చప్పుడు. "ఆ పేరుతో మాకు ఎవరూ లేరండీ."

ఒదీలా కుర్చీలో కూలబడింది. "మరి రసీదులు నా నంబరు మీద ఉన్నాయేం?"

"నంబరు చెప్పండి, చూస్తాను."

యాభై ఏళ్ళుగా చెబుతున్న నంబరు. సున్నా నాలుగు ఏడు, అంది. ఆగింది. ఏడు తర్వాత? గంట నుంచి నలిగిపోయిన బుర్ర మొండికేసింది. సున్నా నాలుగు ఏడు అని మళ్ళీ అంది. అయిపోయింది, గ్రాజియేలా అన్నదే నిజం అనుకుంది.

వెనక నుంచి, ఇస్త్రీ ఆపకుండా, తల ఎత్తకుండా, జందీరా మిగతా ఎనిమిది అంకెలూ చెప్పేసింది. ఎక్కాలు అప్పజెప్పినట్టు, గబగబా, ఒక్క తప్పు లేకుండా.

ఒదీలా ఆ అంకెలే ఫోన్లోకి పలికింది, కళ్ళు మాత్రం జందీరా మీదే ఉన్నాయి.

"అవునండీ, ఈ నంబరు మీద రసీదులున్నాయి," అంది సెక్రెటరీ. "కానీ పేషెంట్ వేరే మనిషి. రసీదుకి ఈ నంబరు ఇచ్చినట్టున్నారు. నెలాఖరున అన్నీ కలిపి కొడతాం, నేను పేరు సరిపోల్చుకోలేదు. పొరపాటే."

"ఎవరా మనిషి?"

"చెప్పకూడదండీ. అది ఆవిడ సొంత విషయం."

"ఈ పదిహేను రోజుల్లో ఆ మాట అన్నది నువ్వొక్కదానివేనమ్మా," అని ఒదీలా ఫోన్ పెట్టేసింది.

దిండు గలీబు మీద ఇస్త్రీపెట్టె అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆ గలీబు ఇంతకుముందే ఇస్త్రీ అయింది, మడత గీత కనిపిస్తూనే ఉంది.

"జందీరా. నా నంబరు నీకెలా వచ్చు?"

"అదేంటి దోనా ఒదీలా, ఇరవై రెండేళ్ళ నుంచి మందుల షాపులో ఎవరు చెబుతున్నారు? పన్ను నంబరు చెబితేనే కదండీ ధర తగ్గిస్తారు. మీ మందులకీ అదే, నా మందులకీ అదే. మీరే చెప్పమన్నారు."

"నీ నంబరు చెప్పు."

జందీరా నోరు తెరిచింది. ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది. "అది కార్డు మీద ఉంటదండీ. కార్డు ఇంట్లో ఉంటది."

"కిందటేడు గురువారాలు ఎక్కడికెళ్ళావు?"

జందీరా ఆ గలీబును నాలుగుగా మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది.

"మొదట్లో ఏం కాదనుకున్నానండీ. పడవ దిగి ఇటు రావాల్సింది అటు నడిచేశాను. రోజూ నడిచే దారే. సంత దాటి, గుడ్డల కొట్ల దాకా పోయి, అక్కడ నిలబడి, నేను ఎవరింటికి పోతున్నానో తెలీలేదు. ఇంకోసారి దోనా సెల్మా ఇంటికి పోవలసిన బుధవారం మీ ఇంటికొచ్చాను. ఇవాళ బుధవారం కదే అన్నారు మీరు. ఇస్త్రీ మిగిలిపోయిందని అబద్ధం చెప్పాను."

ఒదీలాకు అది గుర్తుంది. ఆ రోజు జందీరా చెప్పులు తడిసి ఉండటం కూడా గుర్తుంది. తన జ్ఞాపకం అంత స్పష్టంగా లేచి వచ్చినందుకు సంతోషం కలిగింది, వెంటనే ఆ సంతోషానికి సిగ్గేసింది.

"సర్కారు ఆసుపత్రిలో వరుస ఎప్పటికొస్తదో తెలీదు. కొంచెం కొంచెం కూడబెట్టి ఈ డాక్టరు దగ్గరికి పోయాను. రసీదుకి నంబరు చెప్పమంది ఆ అమ్మాయి. నోటికొచ్చింది చెప్పాను. నోటికొచ్చేది ఇదొక్కటేనండీ ఇప్పుడు." ఆగి, అంది: "కళ్ళజోడు బియ్యం డబ్బాలో పెట్టింది కూడా నేనే."

"పెట్టినట్టు గుర్తుందా?"

"లేదు. కానీ ఈ ఇంట్లో బియ్యం డబ్బా తెరిచేది నేనే కదండీ. తలుపు తాళం కూడా నేనే అయ్యుంటాను. ఆ రోజు మంగళవారం."

"డాక్టరు ఏమన్నాడు?"

"కాగితం రాసిచ్చాడు. ఎక్కడో పెట్టాను." ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వు వచ్చేదే, రాలేదు.

"మీ వాళ్ళకి తెలుసా?"

"ఎవరికీ తెలీదు. మీకు చెప్పకూడదనే అనుకున్నాను." జందీరా గొంతు తగ్గించింది. "మూడిళ్ళవాళ్ళు నాకు తాళాలిచ్చారు దోనా ఒదీలా. తాళం ఎక్కడ పెట్టిందో మర్చిపోయేదానికి ఎవరిస్తారండీ? ఇంకో పద్నాలుగు నెలలు చేస్తే పింఛను వస్తది. పద్నాలుగు నెలలు ఎలాగో లాక్కొస్తాను. అన్నీ చెయ్యి మీద రాసుకుంటున్నాను." అని అరచెయ్యి చూపించింది. 'శుక్రవారం, ఒదీలా, ఆరో అంతస్తు' అని ఉంది, సగం నీళ్ళకి చెరిగిపోయి.

లిఫ్టు పైకి వస్తున్న చప్పుడైంది.

"చెప్పకండి," అంది జందీరా.

ఒదీలా ఏ మాటా ఇవ్వలేదు. ఇవ్వడానికి సమయం లేదు, ఇవ్వాలో లేదో కూడా తెలియదు.

గ్రాజియేలా వేడి రొట్టెల సంచి బల్ల మీద పెట్టకముందే ఒదీలా చెప్పేసింది. క్లినిక్‌కి ఫోన్ చేశాను, నా పేరుతో అక్కడ పేషెంటే లేదట. గ్రాజియేలా మొహం అలా విచ్చుకోవడం ఈ మధ్య ఎవరూ చూడలేదు. ఎవెరాల్దో మాత్రం, "మీరు నిజంగా ఫోన్ చేశారా అత్తగారూ?" అని అడిగాడు. అడిగి, తప్పుగా ఉందని తనకే తోచి, తను కూడా డయల్ చేశాడు. ఐదున్నర దాటింది. క్లినిక్ మూసివేయబడింది, సోమవారం ఎనిమిది గంటలకు చేయండి అని రికార్డు పలికింది.

"చేశారండీ, నేను విన్నాను," అంది జందీరా గుమ్మం దగ్గర నిలబడి.

"సరే, ఏడూ తీసేద్దాం," అని ఎవెరాల్దో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఒక వరుస మీద నొక్కాడు. తెర మీద ఒక గడి తెరుచుకుంది. 'ఈ వైద్య ఖర్చు మీది కాకపోతే, ఎవరిది? పేరు, పన్ను నంబరు రాయండి.' పక్కన ఎర్ర చుక్క. రాయకపోతే ముందుకు పోదు. "ఇది కూడా అడుగుతోంది. ఎవరిదత్తగారూ?"

"సెక్రెటరీ చెప్పలేదు."

గ్రాజియేలా తల్లి మొహంలోకి చూసింది. నలభై ఆరేళ్ళుగా చదువుతున్న మొహం. "నీకు తెలుసు. అమ్మా, నీకు తెలుసు కదా? పేరు చెప్పు. ఒక్క పేరు చెప్పు, నమ్ముతాను. సోమవారం వద్దు, నోటరీ వద్దు, ఈ కవరు ఇక్కడే చింపేస్తాను. పేరు లేకపోతే మాత్రం, ఫోన్ చేశానంటావు, ఎవరో చెప్పారంటావు, ఎవరో తెలియదంటావు. నేను ఏం అనుకోవాలి?"

అదీ న్యాయమే. ఒదీలా ఆ గడి వైపు చూసింది. ఖాళీ గడిలో గీత ఆగి ఆగి వెలుగుతోంది. జందీరా పేరు అందులో పడితే ఎక్కడెక్కడికి పోతుందో ఇప్పుడు ఆమెకు బాగా తెలుసు. రెండొందల పద్నాలుగు గుమ్మాలకు పోతుంది. సోమవారానికల్లా మాత్రలవాడు అవతలి ఒడ్డుకి ఫోన్ చేస్తాడు. జందీరా ఇంట్లో ఎవరో ఎత్తుతారు. నాలుగు రోజుల్లో దోనా సెల్మా తాళాలు వెనక్కి అడుగుతుంది. పద్నాలుగు నెలలు పద్నాలుగు రోజులు కూడా నిలవవు.

పోనీ యాప్ మూసేసి, కూతురి చెవిలో ఒక్కదానికే చెబితే? గ్రాజియేలా మంచిదే. కానీ భర్త దగ్గర ఏదీ దాచదు. ఎవెరాల్దో కూడా మంచివాడే. మంచితనంతోనే కదా ఇంతదాకా తెచ్చాడు.

చెప్పకపోతే తన ఇల్లు, తన సంతకం, తన తలుపు పోతాయి. ఒదీలాకు భయమేసింది. ఆ ఇంటిని ఆమె ఎంత ప్రేమిస్తుందో ఆమెకే అప్పటిదాకా తెలియదు. గంటసేపు, కేవలం గంటసేపు, తన మతి మీద తనకే నమ్మకం పోయిన మనిషి ఆమె. నీలం సిరాతో రాసుకున్న డాక్టరు ఎవరో ఇంకా తట్టలేదు, ఆ గంట ఎలా ఉందో ఇంకా ఒంట్లోంచి పోలేదు. జందీరాకు అలాంటి గంటలు ఎన్నో, వాటిలో ఇంకొకరు తోడు కూడా లేరు.

"ఆ గడి మూసెయ్యి ఎవెరాల్దో," అంది.

"మరి పేరు?"

"అవసరం లేదు. ఆ రసీదులు నావే. ఏడూ నావే."

ఇస్త్రీ సందులో ఏదో కిందపడ్డ చప్పుడైంది. గ్రాజియేలా వినలేదు. సంచి భుజం మీంచి జారిపోతున్నా పట్టించుకోకుండా వచ్చి తల్లిని గట్టిగా పట్టుకుంది. "ఎందుకు దాచావమ్మా నా దగ్గర," అని ఏడ్చింది. "ఇలా ఏడుస్తావనే," అంది ఒదీలా. ఆ అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. సోమవారం సంగతి సోమవారం చూసుకోవచ్చు, సంతకం పెట్టాల్సిన చెయ్యి ఇంకా తనదే అనుకుంది.

"ఇక నువ్వు ఒక్కదానివీ వెళ్ళొద్దు," అంది గ్రాజియేలా కళ్ళు తుడుచుకుని. "వచ్చే గురువారం నేను సెలవు పెడతాను. నిన్ను తీసుకెళ్ళి, లోపలికి కూడా నీతోనే వస్తాను. ఆ డాక్టరు ఏమంటాడో నేనే వింటాను. ఎన్నింటికమ్మా?"

దీని గురించి ఒదీలా ఆలోచించలేదు. జవాబు తెలిసిన మనిషి గుమ్మానికి అవతల ఉంది, ఆ మనిషికి కూడా తెలుసో లేదో. ఎవెరాల్దో ఆ టైము ఫోన్లో ఎక్కించుకోవడానికి వేలు పైకెత్తి పట్టుకున్నాడు. గ్రాజియేలా తల్లి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఎదురుచూస్తోంది.

"గుర్తు లేదు," అంది దోనా ఒదీలా.